క్యాంపర్‌లో ఇద్దరికీ రెండు పడకలు: కొనే ముందు ఆలోచన నుంచి మొదటి రాత్రి దాకా

ఇంట్లో ఒకరు గురక పెడితే రెండోవాళ్లు దిండు, దుప్పటి తీసుకుని పక్క గదిలోకి వెళ్లిపోతారు, పొద్దున దాని గురించి మాట కూడా రాదు. క్యాంపర్‌లో, అంటే పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుగా చేసిన బండిలో, ఆ పక్క గది ఉండదు. ఉన్నది ఒక్కటే మంచం, దానికి మూడు వైపులా గోడ, ఒకరు ఇటు నుంచి అటు తిరిగితే రెండోవాళ్లకు మెలకువ వచ్చేస్తుంది. వరసగా రెండు మూడు రాత్రులు ఇలా గడిచాయంటే చూడటానికి వచ్చిన కొండలూ సరస్సులూ సంగతి దేవుడెరుగు, మధ్యాహ్నానికే ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి గుచ్చుకోవడం మొదలవుతుంది. పైగా మర్నాడు బండి నడపాల్సింది కూడా వాళ్లే. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. అంత బరువైన బండిని, కొన్నిసార్లు వెనకాల ట్రైలర్‌తో సహా నడిపే వాళ్లు తమ నిద్రను బ్రేకులూ టైర్లతో సమానంగా చూసుకోవాలి.

వేరుగా పడుకుంటాం అని చెప్పుకోవడానికి చాలామంది మొహమాటపడతారు. అక్కర్లేదు. 2023లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చేసిన సర్వేలో, భాగస్వామి నిద్ర కోసం అప్పుడప్పుడో ఎప్పుడూనో వేరే గదిలో పడుకుంటామని చెప్పినవాళ్లు మూడింట ఒక వంతుకు పైనే ఉన్నారు. మీరేమీ వింత జంట కాదు.

ఇక అసలు మాట. ఈ ఏర్పాటులో జనం ఎక్కువగా దెబ్బతినేది ఎక్కడంటే, ఒకరికి సిసలైన మంచం ఉంచేసి రెండోవాళ్లను సోఫా మీదికో, భోజనం బల్ల మడిచి చేసిన పడక మీదికో పంపేయడం దగ్గర. రెండు రాత్రులు నడుస్తుంది. మూడో రాత్రి నుంచి ఆ రెండో మనిషికి నడుము పట్టేస్తుంది, దానితో పాటు మనసులో ఒక మూల కష్టంగా కూడా ఉంటుంది. రెండో పడక కూడా మొదటిదానంత పడక అయి ఉండాలి. దాని మీద పరుపు రోజంతా పరిచే ఉండాలి, దానికంటూ ఒక లైటు, ఒక ఛార్జింగ్ పాయింటు, కళ్లజోడు పెట్టుకోవడానికి ఒక చిన్న అర ఉండాలి. ఈ గైడ్‌లో మిగతాదంతా దీన్ని ఎలా సాధించాలన్నదే.

1. ముందు కారణం తేల్చుకోండి

"మాకు కలిసి పడుకుంటే నిద్ర పట్టదు" అంటే సరిపోదు. ఎందుకు పట్టదో తెలిస్తేనే ఎంత దూరం కావాలో తెలుస్తుంది, ఎంత ఖర్చు పెట్టాలో కూడా దాన్నిబట్టే ఉంటుంది.

కదలిక సమస్య అయితే, అంటే ఒకరు ఊరికే దొర్లుతుంటారు, లేదా కాళ్లు లాగుతూ స్థిమితంగా ఉండలేరు అనుకుందాం, అప్పుడు పరుపులు రెండైతే చాలు. పక్కపక్కనే ఉన్నా ఫర్వాలేదు. ఒకరికి ఉక్క, ఇంకొకరికి చలి అయితే మంచం మార్చాల్సిన పని కూడా ఉండకపోవచ్చు, ఎవరి దుప్పటి వాళ్లకు విడిగా ఇచ్చి చూడండి. స్కాండినేవియా దేశాల్లో ఒకే మంచం మీద రెండు విడి రజాయిలు వాడటం మామూలు విషయం. ఒకరు పదింటికే పడుకుని ఇంకొకరు అర్ధరాత్రి దాకా చదువుకునేవాళ్లయితే వెలుతురుని ఆపాలి, అంటే మధ్యలో మందమైన కర్టెన్‌తో పని జరుగుతుంది.

గురక మాత్రం వేరే సంగతి. గురకలో తక్కువ పౌనఃపున్యం శబ్దం ఎక్కువ, అది క్యాంపర్‌లో వాడే పల్చటి ప్లైవుడ్ గోడల్ని, లోపల బోలుగా ఉండే తలుపుల్ని సులువుగా దాటేస్తుంది. కర్టెన్ దానికి అడ్డే కాదు. గురకే అసలు బాధ అయితే రెండు మార్గాలే: బండికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు, మధ్యలో బాత్రూమూ బీరువాలూ ఉండేలా చూసుకోవడం, లేదంటే ఒకరు బండి బయట పడుకోవడం. ఇంకో మాట: గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అయి ఉక్కిరిబిక్కిరిగా లేస్తున్నారంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. పడకలు వేరు చేసుకుంటే రెండోవాళ్లకు నిద్ర పడుతుంది కానీ ఆ మనిషి గుండెకు జరిగే నష్టం అలాగే ఉంటుంది. క్యాంపర్ కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నిద్రలో చేతులు విసరడం, తన్నడం, కలలో జరిగేదాన్ని నిజంగా చేసేయడం ఉన్నవాళ్లను పైబంక్, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే పడకల్లో పైది, ఎక్కించొద్దు. వాళ్లకు నేలకు దగ్గరగా, పక్కన పట్టీ ఉన్న మంచమే కావాలి, దానికీ డాక్టర్ సలహా అవసరం.

2. కొలతలు మీ ఒంటికి తీసుకోండి

బ్రోషర్‌లో "ఇద్దరికి రెండు పడకలు" అని రాసి ఉంటే నమ్మేయకండి. ఆ రెండో పడకను పదేళ్ల పిల్లవాడి కోసం గీసి ఉండొచ్చు.

మీ ఎత్తుకి 6 అంగుళాలు కలపండి, అది కావాల్సిన పొడవు. నేల మీద పడుకుని రెండు మోచేతులూ మామూలుగా ఎంత దూరం పోతాయో టేపుతో కొలవండి, అది కావాల్సిన వెడల్పు. చాలామందికి 28 అంగుళాల దగ్గర ఇరుకుగా, 30 దగ్గర ఫర్వాలేదనిపించేలా, 34 దాటితే హాయిగా ఉంటుంది. మామూలు సింగిల్ పరుపు 38 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు ఉంటుంది. క్యాంపర్లలో తరచూ కనిపించే షార్ట్ క్వీన్ 60 బై 75, అంటే ఇంట్లో వాడే క్వీన్ కంటే 5 అంగుళాలు పొట్టి. 6 అడుగుల మనిషికి అందులో మిగిలేది 3 అంగుళాలు, దిండు పైకి జరిపితే పాదాలు గోడకు తగులుతాయి.

ఇప్పుడు ఇంట్లో నేల మీద మాస్కింగ్ టేపుతో ఆ కొలత గీత గీసి, అందులో పరుపు వేసుకుని ఒక రాత్రి పడుకోండి. గీత దాటి చెయ్యి ఎన్నిసార్లు బయటికి వచ్చిందో పొద్దున మీకే తెలుస్తుంది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, దీని తర్వాత షోరూమ్‌లో సేల్స్‌మన్ ఏం చెప్పినా మీకు కొలత తెలిసే ఉంటుంది.

పైబంక్ అయితే ఎత్తు కూడా చూడండి. మంచం మీద కూర్చోవాలంటే పరుపు నుంచి పైకప్పుకు సుమారు 36 అంగుళాలు కావాలి, చాలా బంకుల్లో అంత ఉండదు. అంటే పడుకునే బట్టలు మార్చుకోవడం, రాత్రి మందు వేసుకోవడం అన్నీ కిందే అయిపోవాలి. బంక్ మోయగలిగే బరువు లేబుల్ మీద రాసి ఉంటుంది, పిల్లల కోసం చేసినవి 70 కిలోల దగ్గరే ఆగిపోవచ్చు.

3. ఏ బండిలో ఏ ఏర్పాటు దొరుకుతుంది

కొనబోయే లేదా అద్దెకు తీసుకోబోయే వాళ్లకు ఈ భాగం ముఖ్యం. ఇప్పటికే క్యాంపర్ ఉన్నవాళ్లు నాలుగో భాగానికి వెళ్లిపోవచ్చు.

నన్ను అడిగితే ఇద్దరికీ అన్నిటికంటే మేలైనది ట్విన్ బెడ్ లేఅవుట్. బండి పొడవునా అటు ఒకటి, ఇటు ఒకటి సింగిల్ మంచాలు, మధ్యలో నడిచే దారి. యూరప్ మోటర్‌హోమ్‌లలో ఇది సర్వసాధారణం, వెనక వైపు సామాను అర మీద ఈ రెండు మంచాలూ వస్తాయి. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లలో కూడా కొన్ని మోడళ్లకు ట్విన్ ఎంపిక ఉంటుంది. రాత్రి లేవాలంటే ఎవరూ ఎవరినీ దాటాల్సిన పని లేదు, ఇద్దరికీ సమానమైన చోటు, కావాలనుకున్న రోజు మధ్యలో పలక, దిండు వేసి ఒకే పెద్ద మంచంగా కలుపుకోవచ్చు. ఆ చివరిది చాలా జంటలకు నిజంగా అవసరం, వేరుగా పడుకోవాలనుకున్నవాళ్లు ఎప్పుడూ వేరుగానే ఉండాలని ఏం లేదు కదా. కాకపోతే ఇందులో గురకకు మందు లేదు, తలలు నాలుగడుగుల దూరంలోనే ఉంటాయి.

గురక వాళ్లకు బంక్‌హౌస్ ట్రైలర్ కానీ, ఫిఫ్త్ వీల్ (పికప్ ట్రక్కు వెనక తొట్టిలో తగిలించి లాగే పెద్ద ట్రైలర్) కానీ చూడమంటాను. ఒక చివర పడకగది, ఇంకో చివర పిల్లల కోసం చేసిన బంకులు. కింది బంక్ వెడల్పుగా ఉన్న మోడల్ దొరికితే, పైదాన్ని మడిచేసి సామాను అరగా వాడుకుని కిందిదానికి మంచి పరుపు వేస్తే రెండో పడకగది వచ్చినట్టే.

డ్రైవర్ సీటు పైన మంచం ఉండే మోటర్‌హోమ్‌లలో ఆ మంచం వెడల్పుగానే ఉంటుంది, వెనక మంచానికి దూరంగా కూడా ఉంటుంది. నిచ్చెన ఒక్కటే ఇబ్బంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, రాత్రి రెండు మూడుసార్లు లేచేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. అరవై దాటిన జంట కొంటుంటే ఇవాళ ఎక్కగలమా అని కాదు, ఇంకో ఐదేళ్లకు నిద్రమత్తులో దిగగలమా అని ఆలోచించుకోవాలి.

వ్యాన్ అయితే ఇరుకు తప్పదు, కానీ దారి ఉంది. ఫియట్ డుకాటో లోపలి వెడల్పు రేకు నుంచి రేకుకు సుమారు 187 సెంటీమీటర్లు, ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్ సుమారు 178. లోపల ప్యానెళ్లు వేశాక ఇంకా తగ్గుతుంది. పొట్టివాళ్లయితే అడ్డంగా పడుకోవచ్చు, కానీ అడ్డం మంచం మీద ఇద్దరుంటే లోపలివాళ్లు బయటికి రావాలంటే రెండోవాళ్ల మీదుగా పాకాలి. అందుకే నిద్ర తేలికగా చెడేవాళ్లకు పొడవునా పడుకునే రెండు సింగిల్ బెంచీలే నయం. లేదంటే పైకప్పు లేచే వ్యాన్, పైన ఒకరు, కింద ఒకరు. పైన గుడ్డ గోడే కాబట్టి గాలివాన రాత్రుల్లో చప్పుడు, చలి రెండూ ఎక్కువగా ఉంటాయని ముందే తెలుసుకుని ఎంచుకోండి.

మడత ట్రైలర్, అంటే రెండు వైపులా గుడ్డ రెక్కలతో తెరుచుకునేది, ఈ విషయంలో ఎవరూ పట్టించుకోని మంచి బండి. రెండు చివరలా రెండు పెద్ద మంచాలు వాటంతట అవే వస్తాయి. బడ్జెట్ తక్కువైతే ముందు దీన్నే చూడండి.

ఏది ఎంచుకున్నా కొనే ముందు అదే లేఅవుట్ ఉన్నదాన్ని అద్దెకు తీసుకుని వరసగా కొన్ని రాత్రులు పడుకోవాలి. ఒక్క రాత్రి చాలదు, మొదటి రాత్రి కొత్త చోటు కాబట్టి ఎవరికైనా సరిగ్గా నిద్ర పట్టదు.

4. ఉన్న క్యాంపర్‌నే మార్చుకోవాలంటే

మొదట తేలికైనది చెప్తాను. ఉన్న పెద్ద మంచం మీది ఒకే పరుపు తీసేసి, అదే చోట రెండు పరుపులు వేయండి. షార్ట్ క్వీన్ చోటులో 30 అంగుళాలవి రెండు పడతాయి. కింద పలక ఒక్కటే అయినా కదలిక బాగా తగ్గుతుంది, ఒకరికి గట్టి పరుపు, ఇంకొకరికి మెత్తటిది కూడా ఇవ్వొచ్చు. దుప్పట్లు ఎలాగూ వేరు. మధ్య సందులో దిండు జారకుండా చిన్న ఫోమ్ ముక్క పెట్టండి. కదలిక, వేడి కారణాలుగా ఉన్న జంటలకు చాలావరకు ఇక్కడితోనే పని అయిపోతుంది.

అది చాలకపోతే డైనెట్, అంటే భోజనం బల్ల, దాని రెండు వైపులా సీట్లు ఉండే చోటు. దీన్ని రోజూ మడిచి పడక చేసే పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూస్తే ఎందుకు వద్దంటానో అర్థమవుతుంది. రాత్రి పదకొండింటికి బల్ల మీది మంచినీళ్ల సీసా, పుస్తకాలు, ఛార్జర్లు అన్నీ తీసి వంటగట్టు మీద పెట్టాలి. బల్లను పైకి లాగి, కాలు ఊడదీసి, దాన్ని సీట్ల అంచు చెక్కల మీద ఆనించాలి, అది ఒక పక్క కూర్చుంటే ఇంకో పక్క లేస్తుంది. వీపు దిండ్లు తీసి మధ్యలో ఇరికించాలి, అవి సీటు దిండ్ల కంటే పల్చగా ఉంటాయి కాబట్టి సరిగ్గా నడుము కింద పల్లం వస్తుంది. ఆ పైన దుప్పటి వేసి పడుకుంటే గంటకి దిండ్లు విడిపోయి సందులో నుంచి చల్లగాలి తగులుతుంది. పొద్దున ఇదంతా తిరగేసి చేస్తే కానీ కూర్చుని టీ తాగడానికి చోటుండదు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు కానీ యాభై దాటిన నడుముకి ఆ సామెత వర్తించదు.

కాబట్టి డైనెట్‌ని ఎంచుకుంటే దాన్ని శాశ్వతంగా పడక చేసేయండి. బల్ల తీసేసి రెండు సీట్ల మీదుగా ఒకే ప్లైవుడ్ పలక, దాని మీద ఒకే ముక్కగా కోయించిన 5 లేదా 6 అంగుళాల ఫోమ్ పరుపు. భోజనానికి గోడకు మడిచే చిన్న బల్లో, పక్కన పెట్టుకునే మడత బల్లో సరిపోతుంది, ఇద్దరే కదా తినేది. పగలు ఆ పడకే సోఫా.

డైనెట్ పూర్తిగా ఊడదీసి సింగిల్ మంచం కట్టాలనుకునేవాళ్లు రంపం పట్టే ముందు సీటు కింద ఏముందో తెరిచి చూడాలి. నీళ్ల ట్యాంకు, హీటర్ గొట్టం, వైర్లు, చక్రం గూడు, వీటిలో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. మోటర్‌హోమ్ అయితే సీటు బెల్టులు ఉన్న సీట్లను తీయొద్దు, ప్రయాణంలో మనిషి కూర్చునే చోటు అదే. కొత్త మంచం బరువంతా కాళ్ల ద్వారా నేల మీదికి దిగాలి, క్యాంపర్ గోడలు పల్చన, స్క్రూ ఫ్రేమ్‌లోకి దిగకపోతే మనిషి బరువుకి ఊడొస్తుంది. పలక, పరుపు కలిపి పెరిగే బరువును బండి లేబుల్ మీది సామాను పరిమితిలో లెక్కేసుకోండి. ట్రైలర్‌లో బరువు వెనక్కి జరిగితే హైవే మీద ఊగే ప్రమాదం ఉంది, కాబట్టి వెనక చివర బరువైన మంచం కడుతుంటే హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం) మీద పడే బరువు మళ్లీ తూచి చూడాలి.

ఫోమ్ గురించి ఒక్క ముక్క. మెమరీ ఫోమ్ చలికి గట్టిపడుతుంది. హీటర్ వేయని బండిలో చలి రాత్రి దాని మీద పడుకుంటే మొదటి పది నిమిషాలు చెక్క మీద పడుకున్నట్టే ఉంటుంది. చల్లటి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు లేటెక్స్ కానీ మామూలు గట్టి ఫోమ్ కానీ తీసుకోవడం మంచిది.

5. ఒకరు బయట పడుకోవడం

గురక మరీ ఎక్కువైతే, బండి మరీ చిన్నదైతే ఇదే సరైన పరిష్కారం, దీన్ని శిక్షలా చూడకూడదు. ఆరుబయట పడుకోవడం ఇష్టమున్న మనిషి ఇద్దరిలో ఒకరు తరచుగా ఉంటారు, వాళ్లకే ఇది అప్పగించండి.

టెంట్ అయితే నిలబడగలిగేంత ఎత్తుది, మడత మంచం పట్టేది తీసుకోండి. ఖాళీ స్థలంలో దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అందుకని క్యాంపర్‌కి ఆనించి కాకుండా స్థలం ఉన్నంతలో దూరంగా, తలవైపు అవతలికి ఉండేలా వేయండి. క్యాంపర్ పక్కన తగిలించే గుడ్డ గది కూడా ఉంటుంది, అందులో లోపలి టెంట్ వేలాడదీసుకోవచ్చు. సౌకర్యంగా ఉంటుంది కానీ గోడకు అవతలే గురక.

ట్రైలర్‌ను లాగే కారు పైకప్పు మీద బిగించే రూఫ్‌టాప్ టెంట్ ఇంకో దారి. ఇవి సుమారు 45 నుంచి 80 కిలోలు ఉంటాయి. కారు మాన్యువల్‌లో నడుస్తున్నప్పుడు పైకప్పు మోయగలిగే బరువు రాసి ఉంటుంది, టెంట్, దాని రాక్ కలిపి అందులోపే ఉండాలి. ఆగి ఉన్నప్పుడు మనిషి ఎక్కే బరువు లెక్క వేరు, అప్పుడు పైకప్పు చాలా ఎక్కువ మోయగలదు. నిచ్చెన సంగతి మాత్రం పైబంక్ లాంటిదే, పైగా అది వానలో తడుస్తుంది.

ఎక్కువమంది మర్చిపోయేది ఆ కారునే. వెనక సీట్లు మడిచి, పలక, పరుపు వేసి, కిటికీలకు కొలతకు కోసిన అట్టలు పెడితే తాళం పడే పడకగది వచ్చినట్టే. కిటికీ రెండు వైపులా ఒక వేలు సందు తెరిచి దోమతెర పెట్టండి, ఇంజన్ మాత్రం వేసి పడుకోవద్దు.

క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసే ముందు "క్యాంపర్‌తో పాటు ఒక చిన్న టెంట్ వేసుకోవచ్చా, కారులో ఒకరు పడుకోవచ్చా" అని రాతపూర్వకంగా అడగండి. కొన్నిచోట్ల కుదరదు, కొన్నిచోట్ల అదనపు రుసుము ఉంటుంది, కొన్నిచోట్ల నేల అంతా కంకరే కాబట్టి మేకు దిగదు. ఎలుగుబంట్లు తిరిగే కొన్నిచోట్ల గట్టి గోడలున్న బండ్లను మాత్రమే అనుమతిస్తారు, అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్క్‌లో ఉన్న ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్ అలాంటిదే. అలాంటి రాత్రులకి లోపల రెండో ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి.

6. గాలి, వేడి, గ్యాస్

ఇక్కడ మాత్రం పొదుపు వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు పడకలు రెండు చివరలా ఉంటే రెండు అలారంలు పెట్టండి, కారులోనో గుడ్డ గదిలోనో పడుకునేవాళ్లకు బ్యాటరీతో పనిచేసేది ఇంకొకటి. వంట గ్యాస్ గాలి కంటే బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది, అందుకే దాని అలారం గోడకు కింద ఉంటుంది. కొత్తగా మంచం కట్టేటప్పుడు దాని వెనక ఆ అలారం మూసుకుపోకుండా చూసుకోండి. టెంట్‌లో బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్ ఎంత చలి ఉన్నా వద్దు. జనరేటర్ నడపాల్సివస్తే 20 అడుగులకు తగ్గకుండా, పొగ గొట్టం రెండు పడకలకూ అవతలివైపు ఉండేలా పెట్టండి. బయట టెంట్‌లో ఉన్న మనిషిని మర్చిపోయి క్యాంపర్‌కి దూరంగా అని జనరేటర్‌ని టెంట్ పక్కకు జరపడం జరిగే పొరపాటే.

వేడి పంచుకోవడం రెండో సంగతి. హీటర్ గొట్టాలు ప్రధాన మంచం దగ్గరికే ఎక్కువగా వస్తాయి, బంక్ చివర చల్లగా ఉంటుంది. అక్కడ చలి తట్టుకోలేనివాళ్లు పడుకోవాల్సి వస్తే గొట్టం మూతల్ని తిప్పి గాలి అటు మళ్లించండి, లేదంటే 12 వోల్ట్ వేడి దుప్పటి ఇవ్వండి. ఉక్కపోసే మనిషికి కిటికీ పక్క పడక, చలి మనిషికి హీటర్ పక్క పడక, ఇంత చిన్న విషయం సరిచూసుకుంటే సగం తగాదాలు ఉండవు.

ఇంకా తేమ. ఇద్దరు మనుషుల ఊపిరి రాత్రంతా ఒక చిన్న పెట్టెలో తిరుగుతుంటే పొద్దునకి కిటికీలు కారుతుంటాయి. అది కనిపించేది. కనిపించనిది పరుపు అడుగున ఉంటుంది. చలిరోజుల్లో ప్లైవుడ్ మీద నేరుగా వేసిన పరుపు మూల ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, చెక్క తడిగా చల్లగా తగులుతుంది, నాలుగు రోజులు అలాగే వదిలేస్తే నల్లటి మచ్చలు మొదలవుతాయి. కొత్త పడక కట్టేటప్పుడే పలకకు వరసగా రంధ్రాలు వేసి, పరుపు కింద గాలి ఆడే జాలీ పరచండి. పైకప్పు ఫ్యాన్ నెమ్మదిగా తిప్పి, ఆ చివర కిటికీ ఒకటి కొంచెం తెరిచి ఉంచండి, చలిగా ఉన్నా సరే.

7. కరెంటు, సీప్యాప్

సీప్యాప్ మెషీన్ (స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకు నిద్రలో మాస్క్ ద్వారా గాలి పంపేది) వాడేవాళ్ల పడక ఎక్కడో ముందే తేల్చి, బ్యాటరీ నుంచి అక్కడికి మందమైన వైరుతో 12 వోల్ట్ సాకెట్ లాగించండి. గాలిని తడి చేసే భాగం, వేడి గొట్టం ఆపేస్తే ఈ మెషీన్లు సుమారు 30 వాట్ల దగ్గర నడుస్తాయి, 8 గంటలకు 240 వాట్-అవర్లు. ఆ రెండూ వేస్తే రెండింతలు దాటొచ్చు. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో సుమారు 1280 వాట్-అవర్లు ఉంటాయి, దాదాపు మొత్తం వాడుకోవచ్చు. అంతే సైజు లెడ్ యాసిడ్‌లో సగం వరకే వాడాలి, లేకపోతే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. ఇన్వర్టర్ ద్వారా నడిపితే 10 నుంచి 15 శాతం వృథా అవుతుంది, కాబట్టి ఆ మెషీన్‌కి సరిపోయే డీసీ అడాప్టర్ కొనుక్కోండి, కొన్నిటికి 24 వోల్టులు కావాలి, లేబుల్ చూడండి. టెంట్‌లో పడుకునేది వీళ్లే అయితే విడి పవర్ స్టేషన్, అంటే మోసుకెళ్లగలిగే బ్యాటరీ పెట్టె, ఒకటి వాళ్లతోనే ఉండాలి.

లైట్లు మాత్రం ఎవరివి వాళ్లకు విడి స్విచ్చులతో. తెల్లటి పైలైటు రాత్రి ఎవరూ వేయకూడదు.

8. రాత్రి దారి

అర్ధరాత్రి రెండింటికి రెండు పడకల నుంచీ బాత్రూమ్‌కి నడిచి చూడండి, నిజంగానే లైట్లు ఆర్పేసి. చెప్పులు ఎక్కడున్నాయి, తలుపు గొళ్లెం చప్పుడు ఎంత, ఏ పలక కిర్రుమంటోంది, రెండోవాళ్ల తలకు ఎంత దగ్గరగా వెళ్తున్నారు. ఈ ఒక్క నడకతో సగం లోపాలు బయటపడతాయి. నేల దగ్గర కదలికకి వెలిగే పసుపు లైటు పెట్టండి, గొళ్లేనికి ఫెల్ట్ ముక్క అంటించండి. ట్రైలర్ అయితే నాలుగు మూలలా స్టెబిలైజర్ జాకీలు దించండి, ఒకరు నడిస్తే రెండోవాళ్ల మంచం ఊగడం బాగా తగ్గుతుంది. వాటితో బండిని పైకెత్తకూడదు, లెవెల్ చేయడానికి చక్రాల కింద దిమ్మెలు వేరే ఉంటాయి. ముందు లెవెల్, తర్వాత జాకీలు. అడ్డంగా పడుకునేవాళ్లకు కొంచెం వాలు ఉన్నా తలకి రక్తం దిగినట్టు ఉంటుంది కాబట్టి రెండు పడకల మీదా లెవెల్ విడివిడిగా పెట్టి చూడాలి.

ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ల ప్యాకెట్ మీద 33 డెసిబెల్స్ అని ఉన్నా నిజంగా దక్కేది అంతకంటే తక్కువే. సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి అది ఉబ్బేదాకా వేలితో పట్టుకుంటేనే పనిచేస్తాయి. ఒకరే పెట్టుకోండి, ఇద్దరూ పెట్టుకుంటే అలారం మోగినా ఎవరికీ వినపడదు.

9. ఎవరికి ఏ పడక

దీన్ని బయల్దేరే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, అర్ధరాత్రి అలసిపోయి ఉన్నప్పుడు కాదు. ఎవరి వల్ల సమస్య వస్తోందో వాళ్లే చిన్న పడకకి పోవాలన్న లెక్క చాలా ఇళ్లలో నడుస్తుంది, అది నాకు నచ్చదు. గురక ఎవరూ కావాలని పెట్టరు. అవసరాన్నిబట్టి పంచుకోండి: రాత్రి ఎక్కువసార్లు లేచేవాళ్లకు బాత్రూమ్ దగ్గర పడక, మోకాళ్లు బాగాలేనివాళ్లకు కిందిది, పొడుగువాళ్లకు పొడుగుది, ముందు లేచేవాళ్లకు తలుపు దగ్గరిది. ఇవన్నీ సమానమైతే వంతులు వేసుకోండి.

పడకలు వేరయ్యాక కలిసి గడిపే సమయం దానంతటదే దొరకదు, దాన్ని పెట్టుకోవాలి. పడుకునే ముందు అరగంట ఒకే మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం, పొద్దున లేచినవాళ్లు రెండో మనిషి పడక దగ్గరికే టీ తీసుకెళ్లడం. ఇలా చేసే జంటల్లో నిద్ర పట్టక విసుక్కునే రోజుల కంటే దగ్గరితనం ఎక్కువే ఉంటుందని నా నమ్మకం.

ఒక సంకేతం కూడా పెట్టుకోండి. ఒంట్లో బాగాలేకపోయినా, భయమేసినా, బయట ఏదైనా చప్పుడైనా రెండోవాళ్లను ఎలా లేపాలి? టెంట్‌లో ఉన్నవాళ్లకు విజిల్, ఫోన్ సిగ్నల్ లేనిచోట చిన్న వాకీటాకీ. కారు తాళం, క్యాంపర్ తాళం ఇద్దరి దగ్గరా ఒక్కో జత ఉండాలి.

10. ట్రయల్ రాత్రి

అసలు ప్రయాణానికి ముందు ఇంటి దగ్గరో, దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లోనో వారాంతం పడుకోండి. కరెంటు కనెక్షన్ పెట్టకుండా, బ్యాటరీ మీదే. పొద్దున ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా కాగితం మీద రాయండి: ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, దేనివల్ల, చలా ఉక్కా, ఎక్కడ నొప్పి, పొద్దునకి బ్యాటరీ ఎంత మిగిలింది. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొహమాటం కొద్దీ "నాకు బాగానే ఉంది" అనేవాళ్లు కాగితం మీద నిజం రాస్తారు. రెండో రాత్రి పడకలు మార్చుకుని పడుకోండి, అప్పుడు అవతలివాళ్లు ఏం భరిస్తున్నారో ఒంటికే తెలుస్తుంది. పరుపు పల్చనైతే దాని మీద వేసే 2 అంగుళాల టాపర్ పొర, శబ్దమైతే తలవైపు మార్చడం, చలైతే పలకకీ పరుపుకీ మధ్య ఒక పొర, ఇలా ఒక్కసారికి ఒక్కటే మార్చి మళ్లీ పడుకుని చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.